ఐపీ పెట్టేది మనిషా, కంపెనీయా?



మన గన్నవరం వైపు చిన్నప్పటి నుంచి వినే మాట ఒకటుంది. "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట." నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఐపీ అంటే అడ్రస్. మన తాతలకి ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. "అప్పులు తీర్చలేను మహాప్రభో" అని కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టుకోవడం అన్నమాట. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం.

ఆ చట్టంలో ఒక తమాషా ఉంది. 8వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన కంపెనీ మీద ఆ పిటిషన్ వేయడం కుదరదు. ఐపీ మనిషికే. కంపెనీ మునిగితే దాని దారి వేరు. అంటే చట్టం కంపెనీని ఒక ప్రాణిగా, దాని వెనక ఉన్న మనిషిని ఇంకో ప్రాణిగా చూస్తోంది.

ఇప్పుడు ఇదెందుకంటే, మొన్న ఒక ఫ్రెండ్ అడిగాడు. "ముగ్గురం కలిసి బిజినెస్ పెడుతున్నాం రా. స్టాంపు పేపర్ మీద పార్ట్‌నర్‌షిప్ రాసుకుంటే సరిపోదా?" వాడికి చెప్పిన కథే మీకూ చెప్తాను.

1906 అక్టోబర్. మన కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మద్రాసులో అర్బత్‌నాట్ అండ్ కో అని పెద్ద సంస్థ. దాని మీద జనానికి ఎంత నమ్మకమంటే, జీవితమంతా కూడబెట్టిన డబ్బు తీసుకెళ్ళి అక్కడ డిపాజిట్ చేశారు. అక్టోబర్ 22న అది కూలిపోయింది. అధిపతి సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కి తర్వాత 18 నెలల జైలు శిక్ష పడింది.

అది లిమిటెడ్ కంపెనీ కాదు, పార్ట్‌నర్‌షిప్. అంటే భాగస్తుల సొంత ఆస్తి కూడా ఆ అప్పులకి పూచీనే. వినడానికి డిపాజిటర్లకి ఎంత భద్రతో కదా? కానీ అప్పు కొండంత, భాగస్తుల ఆస్తి గోరంత అయినప్పుడు ఆ పూచీ ఎవరిని కాపాడుతుంది? అటు డిపాజిటర్లూ మునిగారు, ఇటు భాగస్తులూ దివాలా తీశారు.

మరుసటి ఏడాదే, 1907లో, మద్రాసులో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. ఈసారి షేర్లతో, లిమిటెడ్ కంపెనీగా. ఆ దారి చట్టంలో ముందే ఉంది. మన దేశంలో 1857లో కంపెనీలకి, 1860లో బ్యాంకులకి లిమిటెడ్ లయబిలిటీ ఇచ్చారు.

ఇక మన బందరుకి వద్దాం. 1923 నవంబర్ 20న భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంక్ రిజిస్టర్ చేయించారు. 28న మచిలీపట్నంలో పని మొదలైంది. అనుమతి తీసుకున్న మూలధనం 10 లక్షలు, చేతికొచ్చింది 1 లక్ష. ఆయన వృత్తిరీత్యా డాక్టరు, జమీందారు కాదు. ఆయనలాంటి వాళ్ళు బ్యాంకు పెట్టాలంటే పదిమందీ తలా కొంత వేయాలి.

ఒక్కసారి ఆలోచించండి. బ్యాంకు మునిగితే మీ పొలం కూడా పోతుంది అంటే, ఏ రైతైనా, ఏ టీచరైనా షేరు కొంటారా? "కొన్న షేరు వరకే పోతుంది, పొలం జోలికి ఎవరూ రారు" అంటేనే ముక్కూ మొహం తెలియని వాళ్ళ డబ్బు ఒకచోట చేరుతుంది. లిమిటెడ్ లయబిలిటీ చేసిన అసలు పని ఇదే. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసేదాకా నడిచింది.

సరే, మా ఫ్రెండ్ సంగతి. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, సంస్థ అప్పుకి ప్రతి భాగస్తుడూ పూర్తిగా బాధ్యుడే. 30 లక్షల అప్పు అయితే తలా 10 లక్షలు అని లెక్క కాదు. మిగతా ఇద్దరి దగ్గర ఏమీ లేకపోతే, ఇల్లున్న మూడోవాడి దగ్గరే మొత్తం 30 వసూలు చేయొచ్చు. మా వాడికే ఇల్లుంది!

అందుకే 2008లో ఎల్‌ఎల్‌పీ చట్టం వచ్చింది. 2013 కంపెనీల చట్టం ఒక్కడే ఉన్నా కంపెనీ పెట్టుకోవచ్చంది. ఫీజులు, ఏటా ఫైలింగ్‌లు ఉంటాయి. అవి ఆ గోడ కట్టుకోవడానికయ్యే ఖర్చు.

కానీ ఆ గోడకి ఒక తలుపు ఉంది. లోన్‌కి వెళ్తే బ్యాంకు వాళ్ళు "డైరెక్టర్‌గానే కాదు, పర్సనల్ గ్యారంటీ కింద కూడా సంతకం పెట్టండి" అంటారు. పెట్టారా, తలుపు మీరే తీసినట్టు. అలాంటి గ్యారంటీదారుల మీద విడిగా దివాలా చర్యలు తీసుకోవచ్చని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోసం చేసినా గోడ నిలబడదు.

ఇంకో మాట. గోడకి ఇవతల మీరు సేఫ్ అంటే, అవతల ఎవరో నష్టపోతున్నారని అర్థం. సరుకిచ్చిన వ్యాపారి, జీతం రావాల్సిన కుర్రాడు. బోర్డు మీద "లిమిటెడ్" అని ఉంటే మనం గొప్పనుకుంటాం. 1855లో ఇంగ్లండ్ చట్టం ఆ మాటని పేరు చివర తప్పనిసరి చేసింది గొప్ప కోసం కాదు. "మాతో లావాదేవీ పెట్టుకునేవాళ్ళు చూసుకోండి, మా బాధ్యతకి హద్దుంది" అని ముందే చెప్పడానికి.

మా వాడు ఇప్పుడు ఎల్‌ఎల్‌పీ కాగితాలు రెడీ చేస్తున్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. పేరు, లోగో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇది తేల్చుకోండి: రేపు మునిగితే, మునిగేది కంపెనీయా, మీ ఇల్లా?

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.