గెలాక్సీ రీస్టార్ట్ అయిందని ఎలా తెలిసింది?

మా శ్రీకాకుళంలో నాగావళి వరద తీశాక ఇసుక మేట మిగులుతుంది. అది చూసి వరద ఎంతొచ్చిందో చెప్పేస్తారు మావాళ్ళు. రేడియో గెలాక్సీల కథా ఇంతే.

1953లో జెన్నిసన్, మన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా సిగ్నస్-ఎ రేడియో తరంగాలు రెండు పక్కల నుంచి వస్తున్నాయని కనిపెట్టారు. నడిమధ్య బ్లాక్ హోల్ దగ్గర పుట్టిన జెట్‌లు వేసిన మేటలవి అని తర్వాత తేలింది. 2000 నాటికి కొన్నిటిలో పాత జంట లోపల కొత్త జంట కనబడింది. అంటే ఆగి, మళ్ళీ మొదలైందన్నమాట!

పాత మేటలో ఎలక్ట్రాన్ల శక్తి తగ్గిపోతుంది. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీలోనే బాగా కనబడుతుంది. 2011లో ఆనంద హోతా బృందం పుణె దగ్గరి 30 డిష్‌ల జీఎంఆర్‌టీ సాయంతో స్పెకా గెలాక్సీలో మూడు విడతల ఆనవాళ్ళు చూపింది.

సర్వర్ రీస్టార్టయితే మనం లాగ్ చూస్తాం కదా. ఈ లాగ్ మాత్రం దానంతటదే చెరిగిపోతుంది. పూర్తిగా చెరిగిందా, పదోసారి లేచిన బ్లాక్ హోల్‌ని కూడా ఇదే మొదటిసారి అనుకుంటాం.