తకావీ నుండి రైతు భరోసా దాకా

మన సంచిక పాఠకులలో రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి ‘తకావీ’ అంటే వివరించనక్కరలేదు. వారి పిల్లలకు మాత్రం ఆ మాట తెలియదు. రైతుకు సర్కారు సొమ్ము అంటే వారికి బ్యాంకు నుండి ఫోనుకు వచ్చే మెసేజీయే. అందుకే ఈ నాలుగు మాటలు.

బ్రిటిషు ఇండియాలో 1883, 1884 చట్టాల కింద బావి తవ్వుకోవడానికి, ఎడ్లు, విత్తనాలు కొనడానికి ప్రభుత్వమే రైతుకు అప్పిచ్చేది. నిజాం ఇలాకాలోనూ తకావీ ఉండేది. 1973లో నేను నల్లగొండ జిల్లాలో ఒక తహసీలు ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరేనాటికి, ముందటేడు కరువు తాలూకు దరఖాస్తులు బీరువా నిండా ఉన్నాయి. పహాణీ నకలు జతచేయాలి, గిర్దావరు విచారించాలి, జామీను ఉండాలి. వాయిదా తప్పితే శిస్తు బకాయి కిందే వసూలు. ఇచ్చేటప్పుడు సాయం, తీసుకునేటప్పుడు జప్తు!

అన్నిటికీ మూలం పహాణీయే. అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు మరొక గడి. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లను నమోదు చేసినా, 1954-55లో ఖాస్రా పహాణీ రాసినా, భూమి ఎవరి చేతిలో ఉందో కాగితం మీదికి తేవడానికే. కౌలుదారు పేరు ఆ గడిలో పడితే భూమి చేజారుతుందని పట్టాదార్ల భయం. కనుక కౌలు నోటిమాట మీదే నడిచింది. 1984లో పటేల్, పట్వారీలు రద్దయ్యారు గాని ఆ భయం రద్దు కాలేదు.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు ప్రారంభమైంది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మరుసటి ఏడు 5,000. జామీను లేదు, తిరిగి కట్టేది లేదు. తకావీ ఫైళ్లు మోసినవాడిని, అది గొప్ప మార్పని ఒప్పుకుంటాను.

మా ఊళ్లో చెక్కులు పంచేనాడు చూడబోయాను. పట్నంలో స్థిరపడిన పట్టాదారొకరు కారులో వచ్చి పన్నెండెకరాలకు 48,000 తీసుకున్నారు. ఎనిమిదేళ్లుగా ఆ పొలం కౌలుకు చేస్తున్నాయన నా దగ్గరకొచ్చి, “సారూ, మీరు ఆఫీసుల చేసినోళ్లు గదా, నా పేరు ఏడుంటది?” అన్నాడు. ఏ గడిలోనూ లేదు. ఆ ఏడు ఎరువులకు ఆయన వడ్డీకి తెచ్చుకున్నాడు.

కేంద్రం 2019లో తెచ్చిన పి.ఎం. కిసాన్‌లో ఏడాదికి 6,000, మూడు విడతలుగా. నెలకు 10,000, ఆపైన పెన్షను వచ్చేవారికి అది వర్తించదు. నాలుగో తరగతివారికి మినహాయింపు. రైతుబంధుకు ఆ పట్టింపు లేదు, ఎకరాల పరిమితీ లేదు. కనుక మనలో పొలమున్న చాలామందికి అందింది. కౌలుకిచ్చినవారు కొందరు ఆ మేరకు కౌలు తగ్గించారు, కొందరు తగ్గించలేదు. తగ్గించడమే న్యాయమని నా అభిప్రాయం. కోపగించుకునే మిత్రులు క్షమించాలి.

ఆంధ్రలో 2019 చట్టం కింద కౌలుదారుకు పదకొండు నెలల సాగు కార్డు ఇచ్చారు. దానికి యజమాని ఒప్పుకోవాలి. ఆ సంతకం దగ్గరే పని ఆగేది.

మన దగ్గర 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. పంటకు ఎకరానికి 6,000. ఈసారీ సొమ్ము పట్టా ఉన్నవారి ఖాతాకే వెళ్లింది.