పుట్టింటి సారె

మా ప్రత్తిపాడు మిరపచేలకు పొరుగునున్న గుంటూరులో 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణంనాడు, జాన్సెన్ అనే ఫ్రెంచి పండితుడు సూర్యుడి మంటల వెలుగును విడదీసి చూశాడు. ఆ ఏటి పరిశీలనల్లో దొరికిన కొత్త పసుపు గీతే హీలియం. భూమ్మీద అది 1895లోగాని రామ్సేకి చిక్కలేదు.

చిత్రమేమిటంటే, అది మన కాళ్లకిందా ఉంది! హీలియం-4 యురేనియం, థోరియం తరిగేకొద్దీ పుడుతూనే ఉంటుంది. హీలియం-3 మాత్రం చాలావరకు భూమి తెచ్చుకున్న పుట్టింటి సారె. దేనితోనూ కలవని జడవాయువు గనుక చెక్కుచెదరలేదు. రీయూనియన్ దీవి లావాలో ఆ సారె పాలు నడిసముద్రపు లావాలోకంటే ఎక్కువ. అంటే ఆ నిప్పు మహాలోతునుంచి వచ్చిందన్నమాట.

ఆ నిప్పే 6.6 కోట్ల ఏళ్లనాడు దక్కన్ నల్లరాతిని పరిచి, తర్వాత మారిషస్‌ను లేపిందంటారు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవున ఓడెక్కి, అక్కడి చెరకుతోటల్లో కూలికి చేరిన మన ఆడవాళ్లు పుట్టిల్లు దూరమైందని ఎంత ఏడ్చారో! వాళ్ల కాళ్లకింది రాయి మాత్రం రాజమండ్రి నల్లరాతికి తోబుట్టువే సుమా!