తల్లి కోపము – రామదాసు సాక్ష్యము

తల్లి కోపమును దోషమనుట వాడుక. అది బాధనుండి పుట్టిన మాట యని మా తలంపు. పోతన భాగవత దశమస్కంధమున యశోద పెరుగు చిలుకుట మాని బిడ్డకు చన్నిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. ఆమె లేవగా, ఆకలి తీరని కృష్ణుడు కుండ పగులగొట్టెను. కఱ్ఱతో వెంటబడిన తల్లి కొట్టలేక ఱోటికి కట్టెను. ఒక్కతెపై మూడు పనులు పడుటయే యిందు కోపకారణము.

బాధయే నిందయగుటను స్వయముగ చెప్పుకొన్నవాడు ఖమ్మము సీమలోని నేలకొండపల్లివాడగు కంచెర్ల గోపన్న. 17వ శతాబ్దమున అడవి అంచున భద్రాచల రామాలయమును కట్టించి గోలకొండ చెఱ ననుభవించిన ఆ భక్తుడు, ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో నగల లెక్క చెప్పి రాముని నిందించి, తుదకు దెబ్బల బాధచే అట్లంటినని విన్నవించుకొనెను.

భక్తుని నిందలో ప్రేమను గుర్తించు మనము తల్లి కసురులో అలసటను గుర్తింపవలయును. ఆమెకు వలసినది మందలింపు కాదు, పనిలో తోడు.