హిమ్రూ మగ్గం ముందు ఆడవాళ్లు

మాది కడంబత్తూరు. అమ్మమ్మగారి ఊరు తిరుత్తణి వైపు పొదటూరుపేట. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అటువైపు నేత ఇళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. మా వాళ్లు లుంగీలు నేసేవారు. అమ్మమ్మ తెల్లవారకముందే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పడుగు సాగదీసేటప్పుడు ఒక కొస పట్టేది, తెగిన పోగులు అతికేది. మగ్గం గుంటలో దిగేది మాత్రం తాతయ్య. కూలి డబ్బు ఆయన చేతికే వచ్చేది, సంఘం పుస్తకంలో పేరూ ఆయనదే.

అందుకే హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ గారు చేసిన పని నాకు అంత పెద్దదిగా కనిపిస్తుంది.

ఆమె చేపట్టింది హిమ్రూ నేత. ఆ బట్టకు నేల నూలుది, పువ్వులు పట్టువి. తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు వెంట వచ్చిన నేతగాళ్లు ఈ విద్యను దక్కనుకు తెచ్చారని చెప్పుకుంటారు. దాని తోబుట్టువు మష్రూ. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలేది నూలు. మగవాళ్లు పట్టు తొడగకూడదన్న మత నియమాన్ని పాటిస్తూనే పట్టు అందం దక్కించుకునే ఉపాయం అది. హిమ్రూ మగ్గం చూస్తే లుంగీ నేసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఏ పువ్వుకు ఏ పడుగు పోగులు ఎప్పుడు లేవాలో ముందే దారాల్లో కట్టి పైన వేలాడదీస్తారు. ఒకరు ఆ దారాలు లాగుతుంటే మరొకరు పేక వేయాలి. ఇద్దరి లెక్కా కలవకపోతే పువ్వు చెదిరిపోతుంది.

1948లో నిజాం పాలన పోయింది. హిమ్రూ షేర్వానీలు కుట్టించుకునే ఆస్థానాలూ పోయాయి. ఆ విద్యను మళ్లీ నిలబెట్టిన సురయ్యా గారు 1928లో పుట్టారు. నాయనమ్మ ఫఖ్రుల్ హాజియా హైదరాబాదులో విదేశీ వస్త్రాలను మంటల్లో వేయించిన స్వదేశీవాది. బాబాయి ఆబిద్ హసన్ సఫ్రానీ నేతాజీ అనుచరుడు, ‘జై హింద్’ నినాదం ఆయనదే అంటారు. సురయ్యా గారు పెళ్లాడింది కూడా నేతాజీ అన్నగారి కొడుకునే. ఢిల్లీలో చేనేత ఎగుమతుల సంస్థలో పనిచేసి తిరిగొచ్చాక, దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర బాబాయి పొలంలోనే మగ్గాలు వేయించారు. ఈ పని తెలిసిన ముసలి ఉస్తాదులు అప్పటికే వేళ్ల మీద లెక్కించేంత మంది. అలాంటి ఒక పెద్దాయన చేత నేర్పించారు.

ఎవరికి? భర్త పోయి, పిల్లలను సాకాల్సిన ఆడవాళ్లకు. నా దృష్టిలో చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. పాతబస్తీలో దిక్కులేని ముస్లిం స్త్రీకి అప్పటిదాకా దొరికేది ఇంట్లో కూర్చుని చేసే కుట్టుపని, జరీపని. దళారి ఎంతిస్తే అంత. ఈమె వాళ్లను కండెల దగ్గర ఆపలేదు, నేరుగా మగ్గం మీద కూర్చోబెట్టారు. తరాలుగా మగవాళ్ల చేతుల్లో ఉన్న విద్య వాళ్ల చేతుల్లోకి వచ్చింది, కూలి వాళ్ల కొంగున చేరింది. పిల్లల చదువుకు ఆ ఆవరణలోనే సఫ్రానీ పేరుతో బడి నడిచింది. విద్యను బతికించడమూ, కడుపు నింపడమూ ఒకే పనిగా చూసిన మనిషి ఆమె. 2021 సెప్టెంబరులో కన్నుమూశారు.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికులు 35.22 లక్షలు. అందులో సుమారు 72 శాతం స్త్రీలే. తిరుత్తణి వైపు సంఘాల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. గుర్తింపు కార్డు ఇచ్చేటప్పుడు, అప్పు రాసేటప్పుడు, ఆ ఇంట్లో రాట్నం ముందు ఎవరు కూర్చుంటున్నారో అడగండి. ఆమె పేరు కూడా రాయండి.