అందలుస్ పెరటి తోటలు

ఇస్లామీయ నాగరికతా చరిత్ర అనగానే సామాన్యంగా యుద్ధాలు, రాజవంశాలు, కోటలు, మసీదులు స్ఫురిస్తాయి. బావి గట్టున మరువం, గోడవారగా గోరింట చరిత్రకారుల దృష్టికి అంతగా రావు. కాని అందలుస్‌లో, అనగా ముస్లిమ్ స్పెయిన్‌లో, కోటలు చేతులు మారిన తరువాత కూడ నిలిచి ఉన్నది ఈ తోట విద్యయే.

ఈ విద్యకు ధార్మిక ప్రోత్సాహం మొదటి నుండి గలదు. ఒక ముస్లిమ్ నాటిన మొక్క నుండి గాని, విత్తిన పైరు నుండి గాని మనిషి, పక్షి లేదా పశువు తిన్నట్లయితే అది అతని పక్షాన సదఖా అవుతుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలు రెండింటిలోను ఉన్నది. దివ్యఖుర్‌ఆన్ 'అర్రహ్మాన్' సూరాలో (55:12) దైవానుగ్రహాలను పేర్కొంటూ ధాన్యం సరసనే 'రైహాన్'ను, అనగా సువాసన గల మొక్కను, ప్రస్తావించింది.

క్రీ.శ. 756లో అధికారానికి వచ్చిన మొదటి అబ్దుర్రహ్మాన్, సిరియాలోని తన తాతగారి రుసాఫాను తలచుకొని, కార్డొవా వెలుపల అదే పేరుతో తోట వేయించాడు. 961 నాటి కార్డొవా పంచాంగం ఏ మాసంలో ఏది విత్తాలో, ఏ పూలు ఎప్పుడు కోయాలో తెలుపుతుంది. అది అరీబ్ ఇబ్ను సఅద్ అనే ముస్లిమ్ పండితుని పేరుతోను, ఒక క్రైస్తవ బిషప్పు పేరుతోను ప్రసిద్ధమై ఉండటం గమనార్హం.

పదకొండవ శతాబ్దంలో టొలేడో ఈ శాస్త్రానికి కేంద్రమైంది. అక్కడి తోటలలో పనిచేసిన ఇబ్ను బస్సాల్ హజ్ యాత్రకు వెళ్లి, తోవలో సిసిలీ, ఈజిప్టు దేశాల సేద్యాన్ని కూడ పరిశీలించాడు. నేలలను పది రకాలుగా విభజించి, కూరగాయలకు, సుగంధ మొక్కలకు ప్రత్యేక అధ్యాయాలు వ్రాశాడు. 1085లో టొలేడో ఆరవ అల్ఫాన్సో వశమైంది. ఇబ్ను బస్సాల్ సెవిల్‌కు చేరి అక్కడ మరల తోట వేశాడు. రాజ్యం పోయినా ఆయన విద్య ఆయన వెంట నడిచింది.

పన్నెండవ శతాబ్దం చివర సెవిల్‌కు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా' రచించాడు. అందులో 585 మొక్కల వివరాలున్నవి. పూర్వుల అభిప్రాయాలను వారి పేర్లతో ఉదహరిస్తూనే, తన మాటగా చెప్పినదంతా పలుమార్లు స్వయంగా పరీక్షించి చూచినదేనని ఆయన స్పష్టం చేశాడు. 1348లో అల్మేరియాకు చెందిన ఇబ్ను లుయూన్ సేద్యశాస్త్రాన్ని పద్యరూపంలో కూర్చి, ఇంటితోట ఎలా ఉండాలో కూడ చెప్పాడు: ఇల్లు కాస్త ఎత్తున, దక్షిణ ముఖంగా ఉండాలి; వాకిలి దగ్గర బావి గాని, నీటి తొట్టి గాని ఉండాలి; దాని చెంత ఎన్నడూ ఆకు రాల్చని పొదలు, పూలమొక్కలు పెంచాలి.

విత్తకుండానే మొలిచే మొక్కలకు కూడ ఆనాటి వారు పేరు పెట్టి గుర్తించారు. మన గంగవాయిలి కూరను అరబ్బులు 'అల్‌బఖ్లతుల్ హమ్‌ఖా', అనగా 'తెలివిలేని కూర' అన్నారు. వరద పారే చోట, మనుషులు నడిచే దారిలో మొలిచి, కొట్టుకుపోయి, మరుసటి ఏడు తిరిగి అక్కడే మొలవటం దీనికి కారణం. అందలుస్ ముస్లిముల గతి కూడ కొంతవరకు ఇటువంటిదే.

1492లో గ్రనాడా పతనమైంది. బలవంతాన క్రైస్తవులుగా మార్చబడిన మొరిస్కోలపై 1567లో రెండవ ఫిలిప్ శాసనం అమలులోకి వచ్చింది. అరబ్బీ భాష, వేషం, స్నానశాలలతో పాటు గోరింట కూడ నిషేధింపబడింది. పెరటి చెట్టు ఆకు నేరానికి సాక్ష్యమైంది! గోరింట మతకర్మ కాదనీ, అది పరిశుభ్రతకు సంబంధించిన దేశాచారమనీ ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములేయ్ అనే మొరిస్కో పెద్ద విజ్ఞాపన వ్రాశాడు. ఆ మాట చెవికెక్కలేదు. 1609–1614 మధ్య సుమారు 3 లక్షల మంది దేశం నుండి వెళ్లగొట్టబడ్డారు.

మనుషులు వెళ్లిపోయినా మొక్కల పేర్లు వెళ్లలేదు. సబ్జా గింజలనిచ్చే రుద్రజడ స్పానిష్‌లో నేటికీ 'అల్బాకా'. అది అరబ్బీ 'అల్‌హబఖ్'. మరువానికి 'అల్మొరదూఖ్', నిషేధించిన గోరింటకు సైతం 'అలేన్యా' అనే అరబ్బీ పేర్లే మిగిలాయి.

1802లో మాడ్రిడ్ నగరంలో ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథం అరబ్బీ మూలంతో, స్పానిష్ అనువాదంతో అచ్చయింది. అనువాదకుడు బాంకెరి ఒక క్రైస్తవ పురోహితుడు. అరబ్బీ చదవటమే నేరమన్న దేశం తన రైతుల మేలు కోసం ఆ అరబ్బీ పుస్తకాన్నే ఆశ్రయించింది. తరువాత ఇరవయ్యవ శతాబ్దంలో అది మన దేశంలో ఉర్దూలోకి కూడ వచ్చింది.

పెరట్లో పుదీనా, మరువం, గోరింట పెంచే ముస్లిమ్ కుటుంబాలు నేడు కూడ ఎన్నో ఉన్నాయి. అది కేవలం కాలక్షేపం కాదని, పూర్వికులు శాస్త్రంగాను, సదఖాగాను భావించిన పని అని వారి పిల్లలకు తెలియజెప్పటం అవసరం. ఆ పిల్లల చేతికి నాలుగు విత్తనాలు కూడ ఇచ్చినప్పుడే ఆ మాటకు సార్థకత చేకూరుతుంది.