ఎస్కసూలో సెప్టెంబర్ 14

మధ్యాహ్నం రెండున్నర. కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది, ఇంకో పావుగంటలో కుండపోత ఖాయం. కోస్టారికా రాజధాని శాన్ హొసేకి పడమట, దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో ఉంది ఎస్కసూ. మే నుంచి నవంబరు దాకా ఇక్కడ రోజూ ఇదే వరస: పొద్దున ఫెళ్ళుమనే ఎండ, మధ్యాహ్నం వాన. అక్షాంశం చూస్తే మన కొచ్చికి సమానమే కానీ ఈ ఇంట్లో ఏసీ లేదు, ఫ్యానూ తిరగడం లేదు.

మనం ఉన్నది ఓ గేటెడ్ కాలనీలో, టెక్సస్ నుంచి వచ్చిన కుటుంబం వంటగదిలో. ఆయన వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. కోస్టారికా అంటే అరటిపండ్లు, కాఫీ అనుకుంటాం గానీ ఇప్పుడు ఎగుమతుల్లో వాటిని మించిపోయినవి ఆ పరికరాలే. ఆమె పక్క గదిలో తలుపేసుకుని టెక్సస్ ఆఫీసు మీటింగులో ఉంది. తొమ్మిదేళ్ళ కూతురు బల్ల మీద ఫారోల్ చేస్తోంది.

ఫారోల్ అంటే పిల్లలు చేత్తో చేసుకునే లాంతరు. ఈ రాత్రి దేశమంతా పిల్లలు వీటిని పట్టుకుని వీధుల్లోకి వస్తారు. రేపు స్వాతంత్ర్య దినం. ఈ పిల్ల చేస్తున్నది ఎద్దుబండి. కొండవైపు శాన్ ఆంటోనియోలో ఏటా మార్చిలో రంగుల బండ్లు కట్టుకుని రైతులు ఊరేగుతారు, అక్కడ చూసిందట. చెప్పుల డబ్బా కోసి బండి తొట్టి చేసింది, పసుపుపచ్చ గాజుకాగితం అంటించింది. చక్రాలకి నారింజ రంగేసి, పైన నీలం చుక్కలు పెడుతోంది. ఎడమ చక్రం జిగురు ఆరక జారుతుంటే ఇంట్లో పనిచేసే నికరాగువా ఆవిడ దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో పొయ్యి మీది ఎర్ర చిక్కుడు గింజలు కలుపుతోంది. అన్నం, గింజలు కలిపి చేసే గాయో పింతోకి ఇక్కడివాళ్ళు నల్ల గింజలు వాడతారు. నికరాగువావాళ్ళవి ఎర్రవి. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో గిన్నెలోకి చూస్తే తెలిసిపోతుంది.

లోపల కొవ్వొత్తి పెట్టడానికి తల్లి ససేమిరా అంది. బ్యాటరీ లైట్లు ఆర్డరు చేశారు. ఇదిగో, డెలివరీ కుర్రాడి ఫోను. తల్లి గదిలోంచి తొంగిచూసి ఫోను కూతురి చేతిలో పెట్టి, మళ్ళీ తలుపేసుకుంది.

"చర్చి దగ్గర నుంచి పైకి 300 మీటర్లు రండి. మూసేసిన పుల్పెరియా ఉంటుంది, ఇప్పుడక్కడ మందుల షాపు. అక్కణ్ణుంచి పడమటికి 75. నల్ల గేటు."

పుల్పెరియా అంటే చిన్న కిరాణా కొట్టు. చిరునామా అంటే ఇక్కడ ఇదే. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి వంద మీటర్లని లెక్క, టేపు పట్టుకుని ఎవరూ కొలవరు. ఊళ్ళో లేని కొట్టు పేరు చెప్పినా ఎవరికీ ఇబ్బంది లేదు. శాన్ హొసే పక్కనున్న శాన్ పేద్రోలో ఎప్పుడో పోయిన ఓ మర్రిజాతి చెట్టు పేరుతో నేటికీ దారి చెబుతారు. తల్లి స్పానిష్ క్లాసులకి వెళ్ళకపోలేదు. పూర్వం ఏ కొట్టు ఎక్కడ ఉండేదో ఆ క్లాసులో చెప్పరు కదా!

వాన మొదలైంది. కాపలా గదిలోంచి వాచ్‌మన్ గొడుగేసుకుని రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యూపితే గానీ బైకు ఆగలేదు. ఆయన వెనక గోడ మీద చుట్టలుచుట్టల ముళ్ళతీగ, దాని మీద కరెంటు తీగ. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం ఇది. ఆ ప్రశాంతత చూసే వచ్చామంటారు ఈ దంపతులు. అది నిజమే, గోడ మీద తీగా నిజమే.

నికరాగువా ఆవిడ గడియారం చూసుకుంది. చట్టప్రకారం పగటి పని ఎనిమిది గంటలు. డిసెంబరు 20 లోపు పదమూడో జీతం చేతిలో పెట్టాలి. సామాజిక భద్రతా సంస్థకి ఆవిడ పేరున నెలనెలా యజమాని వాటా కట్టాలి. పనిమనిషికి ఇన్ని హక్కులా అని మన అపార్ట్‌మెంట్లలో నోళ్ళు వెళ్ళబెడతారేమో గానీ ఇక్కడ చట్టం చెప్పేది ఇదే. ఇవాళ టైము అయిపోయినా ఆవిడ ఉండిపోయింది, ఫారోల్ కోసం.

అయిదున్నరకి వాన తెరిపిచ్చింది. తండ్రి 27వ నంబరు రోడ్డు మీద ట్రాఫిక్కులో ఇరుక్కుని, ఆఖరి నిమిషంలో బూట్లు బురద చేసుకుంటూ చర్చి ముందు మైదానంలో మనల్ని కలిశాడు. అప్పటికే చీకటి పడుతోంది. చుట్టూ ఇళ్ళు, పడవలు, చిలకలు, అన్నీ అట్టవే, అన్నీ వెలుగుతున్నవే.

ఆరు. స్పీకర్లలో జాతీయ గీతం. ఈ క్షణాన రేడియోల్లోనూ అదే, ఊరూరా అందరూ నిలబడి పాడుతున్నారు. ఆ పిల్ల గొంతెత్తి ఒక్క మాట తడబడకుండా పాడుతోంది. తల్లికి మొదటి రెండు పాదాలు వచ్చు. తండ్రి పెదవులు కదుపుతున్నాడు, అంతే. నికరాగువా ఆవిడ మాత్రం నోరు విప్పలేదు. నికరాగువాతో సహా మధ్య అమెరికా దేశాలు చాలావరకు కలిసే 1821లో స్పెయిన్ నుంచి విడిపోయాయి.

"రేపు మాకూ పండగే," అంది పాట అయ్యాక, "మా పాట వేరు."

చినుకులు మళ్ళీ పడుతున్నాయి. ఎడమ చక్రం ఊడి బురదలో పడింది. పిల్ల దాన్ని తీసి జేబులో పెట్టుకుంది. ఆవిడ బస్సు కోసం కిందికి దిగుతుంటే తల్లికి అప్పుడు గుర్తొచ్చింది.

"రేపు ఆవిడకి సెలవు. పొద్దున టిఫినెవరు చేస్తారు?"

"నేను చేస్తా," అంది కూతురు. "గింజలు ఉడికే ఉన్నాయి. నాన్న ఉల్లిపాయలు తరగాలి."